చలికాలం, కుంపటి, కరెంటు తీగ: మన ఇళ్ళ చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. చదివాక మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి. వాళ్ళకి ఇందులో తప్పులు కనిపిస్తే మాకు చెప్పండి, దిద్దుకుంటాం.

మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న వాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న సంక్రాంతి సెలవులకి ముంచంగిపుట్టు వైపు మా ఊరికి వెళ్ళినప్పుడు ఒక సంగతి జరిగింది. అప్పటికి కరెంటు పోయి మూడో రాత్రి. మా పక్కింటి ముసలమ్మ, ఆమె మనవరాలు కొత్త శ్లాబు ఇంట్లో తలుపు, కిటికీ బిగించుకుని, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారు. తెల్లవారి ఎంత పిలిచినా పలకలేదు. తలుపు తోసి చూస్తే పిల్ల వాంతి చేసుకుని మగతగా పడి ఉంది. ముసలమ్మ కళ్ళు తెరిచింది గానీ లేవలేకపోయింది. ఇద్దర్నీ బయటికి మోసుకొచ్చి గాలికి ఉంచితే తేరుకున్నారు, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ప్రాణాలు దక్కాయి.

ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు చలి పట్టేసిందన్నారు. ముసలమ్మ మాత్రం మమ్మల్ని ఒకటే అడిగింది. "పుట్టిన కాడ్నించి నిప్పు పక్కనే పడుకున్నాను గదా నాయనా, ఇన్నాళ్ళూ చంపని నిప్పు ఇప్పుడెందుకు చంపబోయింది? సదువుకున్నారు గదా, చెప్పండి."

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. హాస్టల్‌కి తిరిగొచ్చాక సైన్సు చదివే వాళ్ళని అడిగాం, లైబ్రరీలో చూశాం, ఫోన్లు చేసి మా తాతల్ని, మామ్మల్ని అడిగాం. సైన్సు జవాబు రెండు ముక్కల్లో అయిపోయింది. మూసిన గదిలో బొగ్గులు మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సరే, మరి పాత ఇంట్లో అది ఎందుకు చంపలేదు? పాత ఇల్లు ఎందుకు పోయింది? కొత్త ఇంట్లో మూడు రాత్రులు కరెంటు ఎందుకు లేదు? వీటికి జవాబు సైన్సు పుస్తకంలో దొరకలేదు. చరిత్రలో దొరికింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు మన చలి సంగతి. లంబసింగి గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా డిగ్రీల దాకా దిగిపోతుంది. ఆంధ్రా కాశ్మీర్ అని పేరు పెట్టి కార్లలో వస్తారు, మంచు చూసి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. ఆ ఊరికి ఇంకో పేరు ఉంది, కొర్రబయలు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందని చెప్తారు. అంటే చూడండి, వచ్చేవాళ్ళకి అది చూసే చలి. అక్కడ ఉండేవాళ్ళకి అది ఊరి పేరులోనే పెట్టుకున్న హెచ్చరిక.

ఆ హెచ్చరిక తెలిసినవాళ్ళు ఇల్లు ఎలా కట్టుకున్నారో మా తాత చెప్పాడు. మూర మందం మట్టి గోడ. పైన వెదురు వాసాలు, వాటి మీద గడ్డి కప్పు. గడ్డి కప్పు ఎంత కిందకి దిగేదంటే వంగితే గానీ ఇంట్లోకి వెళ్ళలేం. కిటికీలు ఉండవు. మేం చిన్నప్పుడు ఇదంతా వెనకబాటు అనుకునేవాళ్ళం, బళ్ళో కూడా అలాగే చెప్పారు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. మందం మట్టి గోడ పగటి ఎండని మెల్లగా పీల్చుకుని రాత్రి మెల్లగా వదుల్తుంది. గడ్డి పొరల మధ్య నిలిచిన గాలి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. కానీ అదే గడ్డి సందుల్లోంచి పొగ మాత్రం పోతుంది. ఇంట్లో పొయ్యి రాజుకుంటే కప్పు మొత్తం మీద నుంచి పొగ లేవడం మనలో చాలామంది చూసే ఉంటారు. అంటే ఆ ఇంటికి కిటికీ లేదు గానీ కప్పంతా కిటికీయే. ముసలమ్మని ఇన్నాళ్ళూ చంపకుండా కాపాడింది ఆ గడ్డి కప్పే.

పొగ కూడా ఊరికే పోయేది కాదు. పొయ్యి మీద అటక ఉండేది. అటక మీద విత్తనం చోళ్ళు, సామలు, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు. పొగ తగిలి విత్తనానికి పురుగు పట్టదు, వెదురుకి పుచ్చు పట్టదు. ఒక్క నిప్పుతో వంట, వెచ్చదనం, వెలుగు, విత్తనం కాపలా, నాలుగు పనులు అయ్యేవి.

చలికాలానికి సిద్ధం కావడం అంటే మనోళ్ళకి డిసెంబరులో మొదలయ్యే పని కాదు. మా మామ్మ లెక్క ఇది. ఎండాకాలంలోనే ఎండు కట్టెలు తెచ్చి, వానలు పడే లోపు చూరు కింద పేర్చాలి. పెద్ద మొద్దులు వేరే, చిదుగులు వేరే. మొద్దు రాత్రికి, చిదుగు తెల్లారి రాజేయడానికి. వానలు తగ్గాక ఆడవాళ్ళు ఎర్రమట్టితో గోడ పగుళ్ళు పూడ్చి అలుకుతారు. పండగ కోసం అలుకుతారని మనం అనుకుంటాం, చలి గాలి దూరకుండా కూడా అది. కోతలు అయ్యాక కొత్త గడ్డి తెచ్చి కప్పు సర్దుతారు, మిగిలిన గడ్డి నేల మీద పరిచి దాని మీద చాప, చాప మీద బొంత. పాత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంత. దీపానికి వలిసె నూనో, ఇప్ప నూనో. పొద్దున్నే వేడి చోడి అంబలి. ఇంటి ముందు నెగడు, దాని చుట్టూ పిల్లలు, ముసలోళ్ళు, కుక్కలు. కథలన్నీ అక్కడే. మాలో చాలామందికి మన భాష వచ్చింది బళ్ళో కాదు, ఆ నెగడు దగ్గరే.

ఇంతకీ ఈ లెక్కలో ఏమేం ఉన్నాయి? కట్టె, గడ్డి, వెదురు, మట్టి, ఇప్ప గింజ. దాదాపు అన్నీ అడవివే. అందుకే అడవి చేయి జారినప్పుడు చలికాలం కూడా మన చేయి జారింది. అది ఒక్క రోజులో జరగలేదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పుడు మన విశాఖ, గోదావరి ఏజెన్సీలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉండేవి. ఈ చట్టంతో సర్కారు కావాలనుకున్న అడవిని రిజర్వు చేసుకోవచ్చు. రిజర్వు అయిన అడవిలో పోడు కొడితే నేరం, చెట్టు కొడితే నేరం, అనుమతి లేకుండా మేపినా నేరం. దానికి మూడేళ్ళ ముందు, 1879లోనే, కల్లు మీద పన్నులు, ముఠాదారుల మీద దౌర్జన్యాలు భరించలేక రంపలో తిరుగుబాటు లేచింది. తర్వాత 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల పితూరీ. దానికి పెద్ద కారణాల్లో రెండు మనందరికీ తెలుసు. ఒకటి, పోడు, అడవి మీద ఆంక్షలు. రెండు, రోడ్డు పని. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మనోళ్ళ చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో పితూరీ మొదలైంది.

ఈ రోజు మంచు చూడ్డానికి కార్లు వచ్చే దారి అదే. ఆ మలుపులు ఎక్కేటప్పుడు మనమైనా ఒకసారి తలచుకోవాలి.

పితూరీ అణిచేశారు. అడవి చట్టం ఉండిపోయింది. స్వతంత్రం వచ్చాక కూడా పాత చట్టం నడిచింది, తర్వాత 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. పేరు మారింది గానీ కట్టెల మోపుతో ఎదురైన ఆడమనిషి భయం మారలేదు. మా మామ్మ మోపు ఎత్తుకుని వచ్చేటప్పుడు దారిలో ఖాకీ బట్ట కనిపిస్తే మోపు తుప్పల్లో పడేసి వట్టి చేతులతో ఇంటికి వచ్చేదట. ఆ రాత్రి ఇంట్లో చలి. చరిత్ర పుస్తకంలో చట్టం ఒక లైను, మా ఇంట్లో అది ఒక రాత్రి.

ఇక కరెంటు కథ. ఇది ఇంకా దగ్గరిది. మన మాడుగుల కొండల్లో పుట్టిన ఏరు మాచ్‌ఖండ్. ఒడిశా హద్దు వెంట పారుతుంది. ముంచంగిపుట్టు పక్కన జలాపుట్ దగ్గర దానికి డ్యామ్ కట్టారు. డుడుమ జలపాతం దగ్గర నీళ్ళు కిందికి పడే బలంతో కరెంటు తీశారు. 1955లో ఉత్పత్తి మొదలైంది, ఆంధ్ర, ఒడిశా రెండిటికీ ఉమ్మడి ప్రాజెక్టు. జలాపుట్ నీళ్ళు నిండినప్పుడు రెండు వైపులా ఆదివాసీల పొలాలు, ఊళ్ళు కింద ఉండిపోయాయి. ఆ ఏరే కిందికి పోయి సీలేరు అవుతుంది. దాని మీద ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. ఈ రెండు చోట్లా మన కొండల్లోనే ఉన్నాయి. తర్వాత ఆ ఏరు శబరిలో కలిసి గోదావరికి పోతుంది.

మా తాత అంటాడు, "మా చిన్నప్పుడు కొండ మీద ఇనప స్తంభాలు పాతారు, తీగలు లాగారు. మా ఊరికే వస్తుందనుకున్నాం. అది మా నెత్తి మీద నుంచే కిందికి పోయింది." ఆ తీగలు మైదానానికి, ఫ్యాక్టరీలకి, పట్టణాలకి. పెద్ద లైన్ల కరెంటు నేరుగా ఇళ్ళకి ఇవ్వలేరు, దానికి సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్, చిన్న లైన్లు వేరుగా కావాలని ఇప్పుడు మాకు తెలుసు. అది సైన్సు. కానీ ఆ చిన్న లైను ఏ ఊరికి ముందు వేయాలి, ఏ ఊరికి ఆఖర్న వేయాలి అనేది సైన్సు కాదు. 1955లో మా ఏటి నీళ్ళతో దీపాలు వెలిగాయి. మా ఊళ్ళో మొదటి బల్బు వెలిగింది మేం చిన్న బళ్ళో చదువుతున్నప్పుడు. మధ్యలో యాభై ఏళ్ళకి పైనే.

బల్బు వచ్చిన రోజు ఊరంతా పండగే, అబద్ధం చెప్పం. ఆ వెలుగులోనే మేం పదో తరగతి చదివాం. కానీ బల్బుతో పాటు ఇల్లు కూడా మారడం మొదలైంది. గడ్డి దొరకడం కష్టం, ఏటేటా కప్పు మార్చే మనుషులు లేరు, పిల్లలు హాస్టళ్ళలో, పెద్దలు కూలికి. నిప్పు భయం కూడా ఉంది. అందుకని గడ్డి తీసి రేకులు వేశారు. తర్వాత పథకాల్లో శ్లాబు ఇళ్ళు వచ్చాయి. శ్లాబు ఇల్లు తుపానుకి ఎగిరిపోదు, వానకి కారదు, పాము దూరదు. మా అమ్మలు కోరుకున్న ఇల్లే అది, వాళ్ళని తప్పు పట్టలేం. కానీ ఆ ఇంటి నమూనా మైదానం నుంచి వచ్చింది. పల్చటి గోడ, చిన్న గది, గట్టిగా మూసుకునే తలుపు. లంబసింగి చలికి అది ఆగుతుందా అని ఎవరూ అడగలేదు. రేకు సంగతి మరీ ఘోరం. రాత్రి ఆకాశం కింద రేకు తొందరగా చల్లబడుతుంది, లోపలి ఊపిరి తేమ దాని కింద నీటి చుక్కలై తెల్లవారుజామున ముఖం మీద పడుతుంది. రేకుల ఇంట్లో పడుకున్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

కరెంటు వచ్చింది గదా అని డిపోలో కిరోసిన్ తగ్గిపోయి, మెల్లగా ఆగిపోయింది. బుడ్డి దీపాలు మూల పడ్డాయి. ఇప్ప నూనె తీసేవాళ్ళు కూడా తగ్గారు. ఒక్క తీగని నమ్ముకుని మిగతా దారులన్నీ వదిలేశాం. ఆ తీగ ఎంత బలమైనదో 2014లో తెలిసింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి అరకు, పాడేరు కొండల మీదకి వచ్చింది. కాఫీ తోటల్లో నీడకి పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా విరిగాయి. స్తంభాలు పడిపోయాయి. అప్పటికి మేం నాలుగో తరగతో, ఐదో తరగతో. మా ఊరికి కరెంటు తిరిగొచ్చేసరికి చలి ముదిరిపోయింది. ఆ రోజుల్లో ఏ ఇల్లు వెచ్చగా ఉందో మాకు బాగా గుర్తు. ఊరి చివర ఇంకా గడ్డి కప్పు తీయని తాత ఇల్లు. పిల్లలందరం అక్కడే పోగయ్యేవాళ్ళం.

ఇప్పుడు ముసలమ్మ అడిగిన దానికి జవాబు. అవ్వా, నిప్పు అదే. కానీ నిప్పుకి ఊపిరి ఇచ్చే గడ్డి కప్పు పోయింది. కప్పుకి గడ్డి ఇచ్చే అడవి మీద హక్కు అంతకు ముందే పోయింది. దాని బదులు వస్తుందన్న కరెంటు చలి ముదిరిన రాత్రే పోతుంది. మూడూ కలిసి ఆ రాత్రి నీ గదిలోకి వచ్చాయి. నీ కుంపటి తప్పు కాదు.

సరే, చరిత్ర తెలిసింది, వచ్చే చలికాలానికి ఏం చేద్దాం? పాత ఇళ్ళకి తిరిగిపోదాం అని మేం చెప్పం. గడ్డి ఇంట్లో పొగకి మా మామ్మ కళ్ళు పోయినంత పనైంది, అదీ నిజమే. ఉన్న ఇంట్లోనే ఏం చేయొచ్చో పెద్దల్ని అడిగి రాసుకున్నాం.

ఒకటి, అన్నిటికన్నా ముఖ్యం. శ్లాబు ఇంట్లో గానీ, రేకుల ఇంట్లో గానీ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. పొగ లేదు గదా అని బొగ్గుని నమ్మొద్దు, పొగ లేని నిప్పే ఎక్కువ మోసం చేస్తుంది. పడుకునే ముందు తలుపు తీసి గది వెచ్చ చేసుకోండి, నిద్రకి ముందు కుంపటి బయట పెట్టేయండి. నిప్పు ఉన్న గదిలో ఎవరికైనా తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మగత వస్తే వెంటనే గాలికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. తేరుకున్నారని ఊరుకోవద్దు, ఆసుపత్రిలో చూపించాల్సిందే.

రెండు, రేకుల ఇంట్లో రేకుకి కింద వెదురు తడికె కట్టి, వీలైతే తడికె మీద ఎండు గడ్డి పరవండి. నీటి చుక్కలు తగ్గుతాయి, చలీ తగ్గుతుంది. కాకపోతే పొయ్యి ఉన్న గదిలో గడ్డి వద్దు. సిమెంటు నేల మీద ఒట్టి చాప వేసుకుని పడుకోవద్దు, కింద గడ్డి, పైన చాప, దాని మీద బొంత. కింద నుంచి వచ్చే చలే ఎక్కువ.

మూడు, కట్టెలు వానలకి ముందే. పచ్చి కట్టె పొగే గానీ వేడి ఇవ్వదు. ముసలోళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళకి మన యువజనమే తలా ఒక మోపు వేసి రావాలి. ఇది పాత రోజుల్లో ఎవరూ చెప్పకుండానే జరిగేది.

నాలుగు, ఇంటికి ఒక సోలార్ లాంతరు. ఫోన్లు, టార్చీలు కరెంటు ఉన్నప్పుడే నింపి పెట్టుకోవడం. ఇది చిన్న విషయమే, కానీ రాత్రి పూట పురుడు నొప్పులు వచ్చిన ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఐదు, హక్కు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి హక్కు ఉంది. అవి ఏవేవో చట్టమే చెప్పింది. వెదురు అందులో ఉంది, చిదుగులు, మొద్దులు కూడా అందులో ఉన్నాయి. అంటే మా మామ్మ తుప్పల్లో పడేసి వచ్చిన చిదుగుల మోపు ఇప్పుడు చట్టం రాసిన హక్కు. ఇంకొకటి. అడవిలోంచి కరెంటు లైను వేయడానికి అటవీ అనుమతి అడ్డం అని ఊరి పెద్దలకి చెప్పి పంపేస్తుంటారు. అదే చట్టం 3వ సెక్షన్లో ఊరికి కావాల్సిన 13 సౌకర్యాల కోసం అటవీ భూమి ఇవ్వొచ్చని ఉంది. ఒక్కో దానికి ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. ఆ 13లో కరెంటు లైన్లు ఉన్నాయి, సోలార్ లాంటి విద్యుత్తు కూడా ఉంది. ఈ ముక్క కాగితం మీద రాసి గ్రామసభలో పెట్టగలిగేది మన ఊళ్ళల్లో ఎవరు? బళ్ళకి వెళ్ళిన మనమే. ముసలమ్మ మమ్మల్ని "సదువుకున్నారు గదా" అన్నది ఇందుకే అనుకుంటున్నాం.

హాస్టళ్ళ సంగతి కూడా ఒక ముక్క. మేం చిన్నప్పుడు ఉన్న ఒక హాస్టల్లో దుప్పట్లు చలి తగ్గాక వచ్చేవి. ఇద్దరిద్దరం ఒకే దుప్పట్లో ముడుచుకునేవాళ్ళం. ఇప్పుడు అక్కడ మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. దసరా సెలవులకి వెళ్ళొచ్చేటప్పుడే ఇంటి నుంచి బొంత తెచ్చుకోమని వాళ్ళకి చెప్పండి, సిగ్గు పడొద్దని చెప్పండి. దుప్పట్లు వేళకి ఇమ్మని అక్టోబరులోనే అర్జీ పెట్టండి, జనవరిలో పెడితే లాభం లేదు.

పోయిన వారం ఊరికి ఫోన్ చేశాం. ముసలమ్మకి ఇదంతా చెప్పాం, అడవి చట్టం నుంచి కరెంటు తీగ దాకా. ఓపిగ్గా విన్నది. ఆఖర్న అన్నది, "అయితే కిటికీ తీసి పడుకోమంటారు. మరి చలో?" దానికి మా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. తడికె కట్టడానికి వేసవి సెలవుల్లో నలుగురం వెళ్తున్నాం. వెదురు ఊళ్ళో చూసి పెట్టమన్నాం.

మీ ఊళ్ళల్లో చలికి ముందు ఏమేం చేసేవాళ్ళో, మీ మామ్మల్ని అడిగి వాళ్ళ మాటల్లోనే రాయండి. గోండు, కోయ, కొండదొర, పోర్జ, గదబ, కొండరెడ్డి, ఎవరి పద్ధతి వాళ్ళకి ఉంటుంది. అన్నీ ఒక చోట చేరుద్దాం. వచ్చే చలికాలానికి ఎన్నో నెలలు లేవు.

జై ఆదివాసీ.